యూఏఈలో పనిచేసేవారికి ఆరోగ్య బీమా, ఉద్యోగ హక్కులు: ఆఫర్ లెటర్ నుంచి చివరి లెక్క వరకు

యూఏఈలో పనిచేసే విదేశీ కార్మికునికి అక్కడి చట్టం ఇచ్చే రక్షణ తక్కువేమీ కాదు. జబ్బు చేస్తే వైద్యం, పనిలో గాయపడితే పరిహారం, జీతం ఆగితే ఫిర్యాదు చేసే మార్గం, ఉద్యోగం ముగిస్తే గ్రాట్యుటీ, ఇవన్నీ అందులో ఉన్నాయి. అయితే వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది చేతికి రాదు. సరైన కాగితం చూపగలిగినవారికి, గడువు దాటకముందే అడిగినవారికి మాత్రమే అందుతుంది. హక్కు ఉండి కూడా నష్టపోయిన సందర్భాలను పరిశీలిస్తే, ఈ రెండింటిలో ఏదో ఒకటి లేకపోవడమే సాధారణంగా కారణంగా కనిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి దశలోనూ ఏ కాగితం కావాలో, ఏ గడువు వర్తిస్తుందో చెప్పడానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పే నియమాలకు ప్రధాన ఆధారం 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ కార్మిక చట్టం. అది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు రంగంలోని ఉద్యోగులకు వర్తిస్తుంది. దుబాయి అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం, అబుదాబి గ్లోబల్ మార్కెట్ అనే రెండు ప్రత్యేక మండలాలకు సొంత ఉద్యోగ చట్టాలున్నాయి. ఇళ్లలో పనిచేసేవారికి, అంటే వంటమనిషి, ఆయా, ఇంటి డ్రైవరు వంటివారికి, 2022 నాటి 9వ నంబరు చట్టం వేరుగా ఉంది. దాని ప్రకారం వారికి వారానికి ఒకరోజు జీతంతో సెలవు, రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో కనీసం 8 గంటలు ఏకబిగిన దొరకాలి.

1. విమానం ఎక్కకముందు: ఆఫర్ లెటర్‌లో ‘బేసిక్’ ఎంతో చూడండి

యూఏఈ మానవ వనరుల మంత్రిత్వ శాఖ నమూనాలో ఉన్న ఆఫర్ లెటర్ మీద మీరు సంతకం చేసిన తరువాతే వర్క్ పర్మిట్ పని ముందుకు సాగాలి. ఆ పత్రం అరబిక్, ఇంగ్లీషులతో పాటు హిందీ, ఉర్దూ వంటి మరో భాషలో కూడా ఉంటుంది. తరువాత వచ్చే ఒప్పందంలోని షరతులు ఆఫర్ లెటర్‌లో ఉన్నవాటికన్నా తక్కువగా ఉండకూడదు. అందువల్ల ఏజెంటు నోటితో చెప్పిన మొత్తం కాక, ఆ పత్రంలో రాసిన మొత్తమే మీ జీతమని భావించండి.

ఆ మొత్తంలో కూడా చూడవలసిన అంకె ఒకటుంది. జీతాన్ని బేసిక్, అలవెన్సులు అని రెండుగా విడగొడతారు. ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ, మరణ పరిహారం, నిరుద్యోగ బీమా, వీటన్నిటినీ లెక్కగట్టేది బేసిక్ మీదనే. ఇద్దరికీ నెలకు 1,800 దిర్హాంలే వస్తున్నా, ఒకరి బేసిక్ 1,500, మరొకరిది 900 అనుకుందాం. ఏడేళ్ల సర్వీసు తరువాత మొదటివారికి 8,250 దిర్హాంల గ్రాట్యుటీ వస్తే, రెండోవారికి 4,950 మాత్రమే వస్తుంది. పనిలో ప్రాణం పోతే కుటుంబానికి అందే పరిహారం మొదటివారి విషయంలో 36,000 దిర్హాంలు, రెండోవారి విషయంలో 21,600. నెలజీతం గురించి గట్టిగా బేరమాడేవారు కూడా ఈ విభజనను పట్టించుకోరు. నా దృష్టిలో సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్నలలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే విదేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమైన) తరగతికి చెందినదైతే ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా భారత ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అందులోనే చూసుకోవచ్చు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. యూఏఈ చట్టమైతే నియామకపు ఖర్చులను కార్మికుని నుంచి నేరుగా గానీ, మరో దారిలో గానీ రాబట్టకూడదని యజమానిని నిషేధించింది. చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనన్నవారి వద్ద పని కుదుర్చుకోకపోవడమే మేలు.

ఈసీఆర్ కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాదవశాత్తు మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా లభిస్తుంది. పాలసీ నకలు ఇంట్లో నామినీ చేతికి ఇచ్చి వెళ్లాలి. అవసరం పడేనాటికి ఆ పాలసీ ఉందన్న సంగతి కుటుంబానికి తెలియకపోతే కట్టిన ప్రీమియం వృథాయే.

సందర్శక వీసా మీద వెళ్లి పనిలో చేరడం ఎంత సులువుగా కనిపించినా చేయకండి. వర్క్ పర్మిట్ లేని పనికి యజమాని మీద లక్ష నుంచి పది లక్షల దిర్హాంల వరకు జరిమానా ఉంది. అయితే అందువల్ల మీకు ఒప్పందమూ, కార్మికునిగా బీమా కార్డూ వచ్చిపడవు.

2. దిగిన తొలి వారాలు: పాస్‌పోర్టు, ఒప్పందం, శాలరీ కార్డు

ఉద్యోగి పాస్‌పోర్టును గానీ ఇతర అధికారిక పత్రాలను గానీ యజమాని తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని కార్మిక చట్టం స్పష్టంగా చెబుతోంది. వీసా ముద్రణకు, రెన్యూవల్‌కు ఇవ్వవలసి వస్తే పని పూర్తయ్యాక తిరిగి అడగాలి. ‘భద్రంగా ఉంటుంది’ అని దాచిపెట్టడం ఇక్కడ మామూలైపోయింది గానీ, మామూలైనంత మాత్రాన చట్టబద్ధం కాదు. ఇవ్వడానికి ముందే పాస్‌పోర్టులోని ముఖ్యమైన పేజీలను, వీసాను, ఎమిరేట్స్ ఐడీని (యూఏఈ గుర్తింపు కార్డును) ఫోటో తీసి ఇంటికి కూడా పంపి ఉంచండి.

మంత్రిత్వ శాఖ యాప్‌లో మీ ఒప్పందాన్ని మీరే తెరిచి చూసుకోవచ్చు. దానిలోని బేసిక్‌ను, హోదాను, పని ప్రదేశాన్ని ఆఫర్ లెటర్‌తో పోల్చి, తేడా ఉంటే తొలి నెలలోనే రాతపూర్వకంగా అడగండి. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ కాలంలో యజమాని తీసివేయాలంటే కనీసం 14 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. మీరే యూఏఈలోని మరో కంపెనీకి మారాలంటే నెల రోజుల నోటీసు, దేశం విడిచిపోవాలంటే 14 రోజుల నోటీసు ఇవ్వాలి.

జీతం వేతన రక్షణ వ్యవస్థ ద్వారా బ్యాంకు ఖాతాలోకి లేదా శాలరీ కార్డులోకి రావాలి. ఆ కార్డును, పిన్ నంబరును ఫోర్‌మన్‌కైనా, క్యాంపు బాసుకైనా అప్పగించకండి. పూర్తి జీతం జమ చేసినట్టు చూపించి, కార్డుతో కొంత వెనక్కి తీసుకునే మోసం అలాగే సాగుతుంది. ఆపైన మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేసినా రికార్డు యజమాని పక్షాన నిలుస్తుంది.

3. ఆరోగ్య బీమా: మీ వీసా ఏ ఎమిరేట్‌దో తెలుసుకోండి

షార్జా క్యాంపులో నిద్రించి దుబాయిలో పనిచేసేవారు చాలామందే ఉన్నారు. వారి బీమాను నిర్ణయించేది నివాసం కాదు, వీసా జారీ అయిన ఎమిరేట్, అంటే యూఏఈలోని పాలనా ప్రాంతం.

అబుదాబిలో 2005 నాటి 23వ నంబరు చట్టంతో బీమా తప్పనిసరైంది. ఉద్యోగితో పాటు జీవిత భాగస్వామికి, 18 ఏళ్ల లోపు ముగ్గురు పిల్లల వరకు బీమా కల్పించే బాధ్యతను ఆ చట్టం యజమాని మీద ఉంచింది. దుబాయిలో 2013 నాటి 11వ నంబరు చట్టం ప్రకారం ఉద్యోగి బీమా యజమానిది, కుటుంబ సభ్యుల బీమా వారిని స్పాన్సర్ చేసినవారిది. అక్కడి కనీస పాలసీ పరిమితి ఏడాదికి 150,000 దిర్హాంలు. షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ ఖ్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాలలో 2025 జనవరి 1 నుంచి నివాస అనుమతి (రెసిడెన్సీ) జారీకి, రెన్యూవల్‌కు బీమా తప్పనిసరి చేశారు. అక్కడి కనీస ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హాంల నుంచి మొదలవుతుంది. ఉద్యోగి ప్రీమియం యజమాని భరించవలసినదే కనుక, జీతపు స్లిప్పులో ‘బీమా’ పేరిట కోత కనిపిస్తే అది ఎందుకో రాతపూర్వకంగా అడగండి.

బీమా ఉందంటే వైద్యం పూర్తిగా ఉచితమని అర్థం కాదు. పైన చెప్పిన ఐదు ఉత్తర ఎమిరేట్ల కనీస ప్యాకేజీలో ఆసుపత్రిలో చేరితే ఖర్చులో 20 శాతం మీరు చెల్లించాలి. అది ఒక్కో విడతకు 500, ఏడాది మొత్తానికి 1,000 దిర్హాంలు దాటదు, ఆపైన బీమా సంస్థే భరిస్తుంది. డాక్టరుకు చూపించుకుంటే మీ వాటా 25 శాతం, గరిష్ఠంగా 100 దిర్హాంలు. అదే జబ్బుకు ఏడు రోజుల లోపు మళ్లీ వెళ్తే ఏమీ కట్టనక్కరలేదు. మందులకు మీ వాటా 30 శాతం. మొత్తం మందుల పరిమితి మాత్రం ఏడాదికి 1,500 దిర్హాంలే. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారికి ఏడాది మధ్యలోనే అది అయిపోయే అవకాశం ఉంది కాబట్టి, మొదటిసారి వెళ్లినప్పుడే ఖరీదైన బ్రాండుకు బదులు జెనరిక్ మందు రాయమని డాక్టరును అడగడం మంచిది. ఈ ప్యాకేజీలో దీర్ఘకాలిక జబ్బులకు వేచి ఉండే కాలం లేదు. దుబాయి కనీస పాలసీలో మాత్రం తొలిసారి బీమాలో చేరినవారికి పాత జబ్బుల విషయంలో ఆరు నెలల నిరీక్షణ ఉంటుంది, అత్యవసర చికిత్సకు అది అడ్డురాదు.

బీమా కార్డు చేతికి వచ్చిన వారంలోనే మీ క్యాంపుకు దగ్గరగా నెట్‌వర్క్‌లో ఉన్న క్లినిక్ ఏదో, ఆసుపత్రి ఏదో, మందుల షాపు ఏదో బీమా సంస్థ యాప్‌లో చూసి రాసి పెట్టుకోండి. కనీస పాలసీలలో నేరుగా స్పెషలిస్టు దగ్గరకు వెళ్తే బిల్లు మీ మీదే పడవచ్చు. ముందు సాధారణ వైద్యుని చూసి, ఆయన రాసిన చీటీతో వెళ్లాలి. ప్రాణాపాయ స్థితిలో నెట్‌వర్క్ లెక్కలు చూడవద్దు. అంబులెన్సుకు 998 నంబరుకు ఫోన్ చేసి, దగ్గరలోని ఎమర్జెన్సీకి చేరడమే పని.

4. జబ్బు చేసినప్పుడు: సెలవుకు మూడు రోజుల గడువు

పనికి రాలేకపోతే గరిష్ఠంగా మూడు పనిదినాల లోపు యజమానికి తెలిపి, వైద్య నివేదిక ఇవ్వాలి. ప్రొబేషన్ పూర్తయినవారికి ఏడాదికి 90 రోజుల వరకు అనారోగ్య సెలవు ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతంతో, తరువాతి 30 రోజులు సగం జీతంతో, మిగిలిన 45 రోజులు జీతం లేకుండా. ప్రొబేషన్‌లో ఉన్నవారికి యజమాని అనుమతితో జీతం లేని సెలవు మాత్రమే దొరుకుతుంది. సెలవులో ఉండగా ఉద్యోగం తీసివేయడం కుదరదు. 90 రోజులూ వాడుకున్నాక కూడా తిరిగి రాలేకపోతే, బకాయిలన్నీ చెల్లించి ఒప్పందాన్ని ముగించవచ్చు.

సూపర్‌వైజరుకు ఫోన్ చేసి చెప్పడంతో సరిపెట్టుకోకండి. మెడికల్ సర్టిఫికెట్ ఫోటోను వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పంపి, ఆ సందేశాన్ని చెరపకుండా ఉంచండి. వరుసగా ఏడు రోజులకు పైగా సమాచారం లేకుండా పనికి రాకపోతే పరారీ ఫిర్యాదు నమోదు చేసే వీలు యజమానికి ఉంది. ఆ ఫిర్యాదు పడితే మనవాళ్లు ‘ఖల్లివల్లి’ అనే స్థితికి, అంటే చట్టబద్ధ హోదా లేని కార్మికుని స్థితికి, చేరినట్టే. అప్పుడు మీరు పంపిన ఆ సందేశమే సాక్ష్యం.

5. పనిలో గాయపడితే: ఆసుపత్రి కౌంటరు దగ్గర చెప్పే మొదటి మాట

ఈ దశలో జరిగే పొరపాటు చాలా ఖరీదైనది. మామూలు ఆరోగ్య బీమా వేరు, పని ప్రమాదానికి యజమాని వహించవలసిన బాధ్యత వేరు. కనీస పాలసీలు సాధారణంగా పని గాయాలను మినహాయిస్తాయి. ఆ ఖర్చు కార్మిక చట్టం ప్రకారం యజమానిదే. పరంజా మీద నుంచి పడినవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లిన సైటు మనిషి ‘గదిలో జారిపడ్డాడు’ అని నమోదు చేయిస్తే, ఆ ఒక్క వాక్యంతో చికిత్స ఖర్చు, నెలల జీతం, పరిహారం అన్నీ వివాదంలో పడతాయి. కనుక మీరు స్పృహలో ఉంటే ప్రమాదం పనిలో జరిగిందని మీరే చెప్పండి. లేకపోతే తోటి కార్మికుడు చెప్పాలి. డిశ్చార్జి పత్రంలో ఆ మాట ఉందో లేదో చూడండి, లేకపోతే రాయించండి.

పనికి వెళ్లే దారిలో, తిరిగి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా పని గాయమే. కంపెనీ బస్సు ప్రమాదం అందులోకి వస్తుంది. యజమాని మీరు కోలుకునేదాకా లేదా వైకల్యం నిర్ధారణ అయ్యేదాకా చికిత్స ఖర్చు భరించాలి. చికిత్స సాగినంతకాలం, లేదా ఆరు నెలలు, వీటిలో ఏది తక్కువైతే అంతవరకు పూర్తి జీతం ఇవ్వాలి. ఆరు నెలలు దాటితే మరో ఆరు నెలల వరకు సగం జీతం. మరణం సంభవిస్తే కుటుంబానికి 24 నెలల బేసిక్ ఇవ్వాలి. అది 18,000 దిర్హాంలకు తగ్గకూడదు, 200,000 దాటదు. శాశ్వత పూర్తి వైకల్యానికి కూడా ఇదే లెక్క; పాక్షిక వైకల్యానికి వైద్యులు నిర్ణయించిన శాతాన్ని బట్టి చెల్లిస్తారు. మత్తులో ఉన్నందువల్లనో, గోడ మీద రాసి ఉంచిన భద్రతా నియమాలను కావాలని మీరినందువల్లనో ప్రమాదం జరిగిందని తేలితే పరిహారం పోతుంది. సేఫ్టీ బెల్టు ఇవ్వకుండా పైకి ఎక్కమన్నప్పుడు ‘బెల్టు కావాలి’ అని సందేశం పంపి ఉండడం ఈ సందర్భంలో ఎంత పనికివస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

సైటు ఫోటోలు, చూసినవారి పేర్లు, ఫోన్ నంబర్లు తొలి రెండు మూడు రోజులలోనే సేకరించాలి. కార్మికులు ఒక క్యాంపు నుంచి మరో క్యాంపుకు మారిపోయాక సాక్షులు దొరకరు.

6. పనిగంటలు, ఎండ

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు. ఐదు గంటలు ఏకబిగిన పనిచేయించాక కనీసం గంట విరామం ఇవ్వాలి. ఓవర్‌టైమ్ రోజుకు రెండు గంటలకు మించకుండా, బేసిక్ మీద 25 శాతం అదనంతో ఉండాలి. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 వరకైతే 50 శాతం అదనం, షిఫ్టుల వారికి మాత్రం ఈ రాత్రి రేటు వర్తించదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో, ఆరుబయట పనిచేయించకూడదు. ఉల్లంఘిస్తే ఒక్కో కార్మికునికి 5,000 చొప్పున, గరిష్ఠంగా 50,000 దిర్హాంల జరిమానా. ఓవర్‌టైమ్ గంటలను తేదీలవారీగా సొంత పుస్తకంలో రాసుకోండి.

7. జీతం ఆగితే

గడువు తేదీ తరువాత 15 రోజులు దాటినా జీతం రాకపోతే యజమాని ఎగవేత జాబితాలో పడినట్టే. పని మానేసి క్యాంపు విడిచి వెళ్లడం ఈ దశలో చేయకూడని పని. అలా వెళ్తే జీతం బాకీ ఉన్న యజమాని ఫిర్యాదుదారుగా, మీరు పరారైనవారిగా మారిపోతారు. ముందు ఫిర్యాదు, తరువాతే మరేదైనా. మంత్రిత్వ శాఖ యాప్ ద్వారా గానీ, 600590000 లేదా 80084 నంబరుకు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎమిరేట్స్ ఐడీ, ఒప్పందం, బ్యాంకు లేదా కార్డు స్టేట్‌మెంటు, ఓవర్‌టైమ్ పుస్తకం దగ్గర ఉంచుకోండి.

మంత్రిత్వ శాఖ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది. 2024 జనవరి 1 నుంచి, 50,000 దిర్హాంలకు మించని వివాదాలలో అదే తీర్పు ఇవ్వగలదు. దాని మీద 15 పనిదినాల లోపు కోర్టుకు వెళ్లవచ్చు. అంతకు మించినవాటిని రాజీ కుదరకపోతే కోర్టుకు పంపుతుంది. లక్ష దిర్హాంల లోపు క్లెయిములకు కార్మికుడు కోర్టు రుసుము కట్టనక్కరలేదు. వివాదం వల్లనే జీతం ఆగితే, రెండు నెలల వరకు జీతం ఇవ్వమని యజమానిని మంత్రిత్వ శాఖ ఆదేశించగలదు. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం తీసివేయడం అక్రమ తొలగింపు. దానికి మూడు నెలల జీతం వరకు పరిహారం ఉంది.

భాష సమస్యగా ఉంటే, వకీలు సలహా కావాలంటే, దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 80046342 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి అర్హులైనవారికి న్యాయ సహాయం, అత్యవసర వైద్యం, తిరుగు టికెట్టు వంటివి రాయబార కార్యాలయం ఏర్పాటు చేస్తుంది. భారత విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఇంటి దగ్గరి వారు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

8. ఉద్యోగం ముగిసినప్పుడు

నోటీసు గడువు 30 నుంచి 90 రోజుల మధ్య, ఒప్పందంలో రాసుకున్నంత. ఏడాది పూర్తిచేసినవారికి గ్రాట్యుటీ ఉంది: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులది. రాజీనామా చేసినా అదే లెక్క. వాడుకోని సెలవుల డబ్బు, జీతం, గ్రాట్యుటీ అన్నీ ఒప్పందం ముగిసిన 14 రోజులలో చెల్లించాలి.

వీసా రద్దు పత్రంలో ‘నా బకాయిలన్నీ అందాయి’ అనే వాక్యం ఉంటుంది. డబ్బు చేతిలో పడకుండా దాని మీద సంతకం పెట్టకండి. ‘ఈరోజు సంతకం పెట్టు, విమానాశ్రయంలో ఇస్తాం’ అనే మాటకు లొంగితే, ఆ పత్రానికి ఎదురుగా నిరూపించడం చాలా కష్టం. మందులు నిత్యం వాడేవారు వీసా రద్దుకు ముందే డాక్టరును చూసి, వైద్య రికార్డులు తీసుకోవాలి. వీసాతో పాటు బీమా కూడా ముగుస్తుంది.

యజమానే తొలగిస్తే నిరుద్యోగ బీమా అక్కరకు వస్తుంది. దీని ప్రీమియం మాత్రం ఉద్యోగిదే: బేసిక్ 16,000 దిర్హాంల లోపు ఉంటే నెలకు 5 దిర్హాంలు. వరుసగా 12 నెలలు కట్టి ఉంటే, చివరి ఆరు నెలల సగటు బేసిక్‌లో 60 శాతాన్ని మూడు నెలల వరకు ఇస్తారు. ఉద్యోగం పోయిన 30 రోజుల లోపు దరఖాస్తు చేయాలి. రాజీనామాకు, క్రమశిక్షణ చర్యతో తొలగించినప్పుడు ఇది రాదు. దేశం విడిచిపోతే ఆగిపోతుంది.

బకాయి మిగిలి ఉండగానే ఇంటికి రావలసి వస్తే, ఉద్యోగం ముగిసిన నాటి నుంచి రెండేళ్ల వరకు క్లెయిము వేసే గడువు ఉంది. అందుకు నమ్మకమైన వ్యక్తి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. దానిని భారతదేశంలో చేయిస్తే నోటరీ, విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం ధ్రువీకరణలన్నీ కావాలి. యూఏఈలోనే నోటరీ వద్ద చేయించి, అసలు ప్రతిని ఆ వ్యక్తికిచ్చి, నకలుతో పాటు ఒప్పందాన్ని, శాలరీ స్టేట్‌మెంట్లను వెంట తెచ్చుకుంటే పని చాలా తేలికవుతుంది.